వియ్యంకుడు తెచ్చిన ఉప్పునీళ్ళు

ఎవరి పొలంలో ఏ జబ్బొచ్చినా ఆకు చూసి మందు చెప్పగలనని నాకు గర్వం. వెంకటాచలంలో హైవే పక్కన ఎరువులు, పురుగుమందుల దుకాణం నాది, దాన్ని ఆనుకునే ఇల్లు. రైతు ఒక ఆకు తెంపుకొచ్చి బల్ల మీద పెడతాడు. నేను కళ్ళజోడు పైకి తోసి, ఆకు అటూ ఇటూ తిప్పి, అర నిమిషంలో ఇదీ జబ్బు అని తేల్చేస్తాను. తప్పు చెప్పిన రోజులు లేకపోలేదు. అవి నాకు గుర్తుండవు, రైతులకు గుర్తుంటాయి. ఇంత పేరున్న మనిషి తన ఇంటి ముందుగదిలో మూడడుగుల గాజుతొట్టికి పట్టిన నాచును పోగొట్టబోయి ఏం చేశాడో చెబుతాను. ఇందులో నేను మంచివాడిగా కనిపించే చోటు దాదాపు ఎక్కడా ఉండదు.

ఆ తొట్టి మా అల్లుడు పెట్టింది. అల్లుడి సంగతి చెప్పాలంటే పెళ్ళి సంగతి చెప్పాలి. మాది సంగం వైపు వరి సేద్యం చేసే కుటుంబం. మా అమ్మాయి చేపల పెంపకం చదువు చదివి, సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలో ఉద్యోగంలో చేరింది. అక్కడే పనిచేసే అబ్బాయిని చేసుకుంటానంది. అబ్బాయి వాళ్ళది చిట్టమూరు దాటి తూర్పుగా పోతే వచ్చే పల్లె, తండ్రి పడవ మీద చేపల వేటకు పోయే పల్లెకారు మనిషి. నేను ఏడాది పాటు ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకున్నానంటే మనసు మారి కాదు, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు నాతో మాట్లాడడం మానేశారు కాబట్టి.

తాంబూలాలకు వాళ్ళ ఊరు రెండు వ్యాన్లలో వెళ్ళాం. వ్యానులో పండ్లబుట్టలతో పాటు మూడు కట్టల నీళ్ళ సీసాలు ఎక్కించారు మా వాళ్ళు. ఎక్కించమని నేను చెప్పలేదు, దించమనీ చెప్పలేదు. వాళ్ళ ఇంట్లో అందరం కూర్చున్నాం, నవ్వాం, తాంబూలాలు మార్చుకున్నాం. ఎవరి సీసా వాళ్ళ చేతిలోనే ఉంది. వియ్యంకురాలు గాజుగ్లాసుల్లో నీళ్ళు పోసి పళ్ళెంలో పెట్టుకుని గడప దాకా వచ్చింది. మా చేతుల వంక చూసింది. పళ్ళెం లోపలికి తీసుకుపోయింది. ఆ పళ్ళెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం వినిపించనట్టే కూర్చున్నాను.

మొదటి కాన్పు పుట్టింట్లో కదా, ఏడో నెలలో అమ్మాయి మా ఇంటికొచ్చింది. అలలు చూడకుండా తనకు తోచడం లేదని మొగుడి దగ్గర అన్నదట. ఆ పిచ్చి అల్లుడు అలలు తేలేక గాజుతొట్టి తెచ్చాడు. అడుగున ఇసుక, మధ్యలో రాళ్ళు, నీళ్ళు తిప్పే చిన్న మోటారు, పైన నీలంగా వెలిగే లైటు పెట్టాడు. తెల్లచారల నారింజరంగు చేపలు రెండు, మీసాలు ఊపుకుంటూ రాళ్ళ మీద తిరిగే ఎర్ర రొయ్య ఒకటి వదిలాడు. తొట్టికి కావలసిన సముద్రపు నీళ్ళు వాళ్ళ నాయన తెచ్చాడు.

అప్పటినుంచి రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున్నే మా వియ్యంకుడు వచ్చేవాడు. నెల్లూరు మార్కెట్టుకు చేపలు తీసుకుపోయే ఆటోలో చేపల పెట్టెల పక్కన నాలుగు క్యాన్లు పెట్టుకుని, హైవే మీద మా దుకాణం ముందు దిగేవాడు. పాత నీళ్ళు కొన్ని తోడేసి కొత్తవి పోయాలి, అదీ పని. ఒడ్డున ముంచితే మురికి వస్తుందని పడవ అలలు దాటాక, క్యాను మూడుసార్లు తొలిచి, అప్పుడు ముంచేవాడట. ఒకసారి వలలో చిక్కిన శంఖాన్ని తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. శంఖం లోపల పీత, శంఖం వీపు మీద పువ్వులా విచ్చుకునే జీవి. పీత ఎక్కడికి పోతే పువ్వు అక్కడికి.

"దీన్ని చంపబుద్ధి కాలా బావగారూ. బిడ్డ చూసుకుంటాదని తెచ్చినా" అన్నాడు. బిడ్డ అంటే మా అమ్మాయి.

మొదట్లో ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చునేవాడు. లోపలికి రమ్మని నేను అనలేదు, ఆయన రాలేదు. క్యాన్లు గడప దగ్గర దించితే మా ఆవిడే, "ఏందయ్యా నువ్వు, వియ్యంకుణ్ణి వాకిట్లో కూర్చోబెడతారా ఎవరైనా?" అని నన్ను గదమాయించి, ఆయన్ని లోపలికి పిలిచింది. మూడో నెలకు తొట్టి పక్కన ఆయనకొక కుర్చీ, నాకొక కుర్చీ. ఇద్దరం దోసెలు తింటూ చేపల్ని చూసేవాళ్ళం. గాలి మారితే నీళ్ళ రంగు ఎలా మారుతుందో ఆయన చెప్పేవాడు. వరికొచ్చే ఎండాకు తెగులు గురించి నేను చెప్పేవాణ్ణి. ఒకరిది ఒకరికి పూర్తిగా అర్థమయ్యేది కాదు, అయినా పొద్దు గడిచేది. నాకు ఆ ఆదివారాలు ఇష్టంగా ఉండేవి. ఈ మాట ఆయనతో ఒక్కసారైనా అని ఉండాల్సింది.

మనవరాలికి ఐదో నెల వచ్చాక తల్లినీ బిడ్డనూ వాళ్ళింట్లో దింపడానికి వెళ్ళాం. ఎండ మండిపోతోంది. వియ్యంకురాలు ఈసారి గడప దాకా రాలేదు, లోపలే నిలబడి ఉంది. నేనే, "వదినా, కాసిని నీళ్ళివ్వమ్మా" అన్నాను. ఇసుకలో తవ్విన చలమ నీళ్ళు, కుండలో పోసినవి, చెంబుతో ఇచ్చింది. తియ్యగా ఉన్నాయి. చెంబెడూ తాగేశాను. మా అమ్మాయి బిడ్డను ఎత్తుకుని నా వంక చూస్తూ నిలబడిపోయింది. తర్వాత ఫోనులో చెప్పింది: "నాయనా, నువ్వు నీళ్ళు తాగినావని మా అత్త వీధి వీధంతా చెప్పుకుంది." నీళ్ళు తాగడం కూడా ఒక గొప్పేనా అని నవ్వాను గానీ, ఆ రాత్రి అన్నం బాగా సయించింది. ఇన్నాళ్ళకు వాళ్ళకు చుట్టాన్నయ్యాను.

అమ్మాయి వెళ్ళినా తొట్టి మా ఇంట్లోనే ఉండిపోయింది. నీళ్ళు కూడా వస్తూనే ఉన్నాయి.

ఇక నాచు. ఉప్పునీళ్ళ తొట్టిలో నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు. అందుకని తగ్గినమేర రోజూ మంచినీళ్ళు పోయాలి. "మెషీన్లో వడకట్టిన నీళ్ళే పోయండి మామయ్యా, ఇంకేవీ వద్దు" అని అల్లుడు వెళ్ళేటప్పుడు రెండుసార్లు చెప్పాడు. ఎండాకాలంలో మా నీళ్ళ మెషీను చెడిపోయింది. బాగుచేసేవాడు ఇదిగో అదిగో అంటూ నెలన్నర తిప్పాడు. మేం తాగడానికి టిన్నులు తెప్పించుకున్నాం. చేపలకు టిన్ను నీళ్ళేమిటి, వాటికేమైనా కళ్యాణమా అని పెరట్లో బోరు నీళ్ళు పోయడం మొదలుపెట్టాను.

ముందు ఇసుక మీద గోధుమరంగు పొడిలా కనిపించింది. వేలితో రాస్తే పోయింది, మర్నాటికి మళ్ళీ వచ్చింది. పది రోజుల్లో రాళ్ళ మీద పచ్చటి నూగు. ఇంకో పది రోజులకు అది వెంట్రుకల్లా పొడుగు పెరిగి మోటారు తిప్పే నీళ్ళకు ఊగుతోంది. టూత్‌బ్రష్షు పెట్టి రాళ్ళు తోమాను. పీకిన ముక్కలు నీళ్ళలో తేలి, ఎక్కడ పడితే అక్కడ అతుక్కుని, పెరిగాయి. అద్దం గీకితే సాయంత్రానికి మళ్ళీ పచ్చబడేది. దుకాణానికి వచ్చిన రైతులు ముందుగదిలోకి తొంగిచూసి, "ఏందన్నా, ఇంట్లోనే నారు పోసినావా?" అనేవారు. ఊరందరికీ మందు చెప్పేవాడికి ఈ మాట ఎలా ఉంటుందో చూసుకోండి.

అల్లుడికి ఫోన్ చేశాను. లైటు రోజుకు ఆరు గంటలకు తగ్గించమన్నాడు. మేత సగం చేయమన్నాడు. వారం వారం కొంచెం నీళ్ళు మారుస్తూ, చేతికి వచ్చినంత నాచు పీకి బయట పారేయమన్నాడు. "నిదానంగా పోతుంది మామయ్యా. తొందరపడొద్దు. ఏ నీళ్ళు పోస్తున్నారు?" అని అడిగాడు. "మంచినీళ్ళే" అన్నాను. అబద్ధం చెప్పానని అప్పుడు అనుకోలేదు. బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు కావు కదా, మంచినీళ్ళే కదా.

వారం చూశాను. నిదానం నా ఒంట్లో లేదు. ఆ ఆదివారం వియ్యంకుడు క్యాన్లతో ఆటో దిగేసరికి దుకాణంలో నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. ముందుగది తలుపు తీసే ఉంది, తొట్టి అందరికీ కనిపిస్తోంది. ఆయన భుజం మీద క్యాను పెట్టుకుని నా బల్ల దాటి లోపలికి పోబోతుంటే, నేను ఆపాను.

"బావా, ఈ నీళ్ళు యాడ ముంచినావు?"

"లోపలే బావగారూ. అలలు దాటినాక."

"దాటినాక ముంచితే ఇట్టా ఎందుకుంటాది? మీ కాడ రొయ్యల గుంటల మురికంతా కాలవలో కలిసి సముద్రంలోకే పోతా ఉండాదంట గదా. ఆ మురికి తెచ్చి నా ఇంట్లో పోస్తా ఉండావు."

ఆయన క్యాను కింద దించాడు. రైతుల్లో ఒకడు, "పల్లెకారోళ్ళ నీళ్ళు గదన్నా, నీచు వాసనన్నా రాకుండా ఉంటాదా?" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నవ్విన మాట నిజం.

మా ఇళ్ళలో మగపెళ్ళివారంటే ఎంత లెక్క! ఆడపిల్ల తండ్రి వాళ్ళ ముందు గొంతు పెంచడు. మా చిన్నాన్న తన వియ్యంకుడు గుమ్మంలోకి వస్తే తానే చెంబుతో కాళ్ళకు నీళ్ళిచ్చేవాడు. నా వియ్యంకుడు మాత్రం నాకు నీళ్ళు మోసుకొచ్చి, పదిమందిలో నా చేత మాట పడి, నా గడపలో నిలబడి ఉన్నాడు. ఆయన ఇంకో కులం కాకపోతే నేను అంత మాట అనగలిగేవాణ్ణా? ఎంత తిప్పి చూసినా ఈ ప్రశ్నకు నా దగ్గర ఒక్కటే జవాబు ఉంది.

ఆయన క్యాను మూత తీసి, దోసిట్లో కాసిని నీళ్ళు పోసుకుని నోట్లో వేసుకున్నాడు. కాసేపు ఉంచి, పక్కకు వెళ్ళి రోడ్డు వారగా ఉమ్మాడు.

"ఇది లోపలి నీళ్ళే బావగారూ. కాలవ నీళ్ళు కలిస్తే నాలిక్కి తెలిసిపోతాది" అన్నాడు.

గొంతులో కోపం లేదు. ఎప్పటిలాగే తొట్టిలో పాత నీళ్ళు తోడి, రెండు క్యాన్లు పోశాడు. మిగతా రెండు పెరట్లో నీడన పెట్టాడు. మా ఆవిడ దోసె వేస్తున్నానంటే, "ఇప్పుడొద్దమ్మా, ఆటో పోతాది" అని వెళ్ళిపోయాడు. ఆటో అప్పటికే పోయింది. హైవే మీద చాలాసేపు ఎండలో నిలబడి ఉండడం దుకాణంలోంచి నాకు కనిపించింది. పిలవలేదు.

ఆ మంటలోనే మర్నాడు మందు వేశాను. మా నాయన వరిమడిలో పాచి కడితే మైలుతుత్తం గోనెగుడ్డలో మూటగట్టి, నీళ్ళు పారే మడవ దగ్గర కట్టేవాడు. నీళ్ళతో పాటు కొంచెం కొంచెంగా కరిగి మడంతా పారేది. పాచి రెండు రోజుల్లో తెల్లబడి విడిపోయేది. నేనూ వందల మంది రైతులకు అదే చెప్పాను. నా దుకాణంలో మైలుతుత్తానికి కొదవేమిటి! పలచటి గుడ్డలో చిటికెడు పోసి, గోలీ అంత మూట కట్టి, మోటారు నీళ్ళు వదిలే మూతి దగ్గర దారంతో వేలాడదీశాను. మడవ దగ్గర మా నాయన కట్టినట్టే కట్టాను. అల్లుణ్ణి అడగలేదు. మందుల సంగతి నాకొకరు చెప్పేదేమిటి?

నిజంగానే రెండు రోజుల్లో నాచు పాలిపోయింది. అదీ దెబ్బంటే, అని మా ఆవిడ ముందు మీసం దువ్వాను. ఆవిడ తొట్టి దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. "ఈ రొయ్య ఎందుకయ్యా వెల్లకిలా పడుండాది?" అంది.

రొయ్య చచ్చిపోయి ఉంది. సాయంత్రానికి పీత శంఖంలోంచి పూర్తిగా బయటికి వచ్చి ఇసుక మీద పడి ఉంది. శంఖం లేకుండా దాన్ని చూడడం అదే మొదటిసారి. ఇంత మెత్తటి ఒళ్ళు పెట్టుకుని బతికిందా అనిపించింది. శంఖం మీది పువ్వు ముడుచుకుని, జిగురు జిగురుగా కారిపోయింది. మూట తీసి పారేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మర్నాటికి చేపల్లో ఒకటి పోయింది. గోటితో గిల్లాల్సిన నాచుకు గొడ్డలి ఎత్తితే గొడ్డలి నాచు దగ్గరే ఆగుతుందా?

అమ్మాయికి ఫోన్ చేసి చచ్చిన సంగతి చెప్పాను. మూట సంగతి, వియ్యంకుడి సంగతి చెప్పలేదు. ఆ వారమే బిడ్డను చంకనేసుకుని వచ్చింది. సంచిలో హేచరీలో నీళ్ళు పరీక్ష చేసే చిన్న సీసాలున్నాయి. తొట్టి వంక ఒకసారి చూసి, "ఏం వేసినావు నాయనా?" అంది. చెప్పాను. కళ్ళు మూసుకుంది.

"మైలుతుత్తం అంటే రాగి. వెన్నెముక లేని ప్రాణికి అది విషం. రొయ్య బతకదు, పీత బతకదు. ఈ రాళ్ళు పీల్చుకుని ఉంటాయి, తొందరగా వదలవు. పారెయ్యాల్సిందే." మేష్టరమ్మ పాఠం చెప్పినట్టు చెప్పింది.

తర్వాత మూడు సీసాలు బల్ల మీద వరుసగా పెట్టింది. ఒకదాంట్లో తొట్టి నీళ్ళు, ఒకదాంట్లో పెరట్లో మిగిలిన క్యాను నీళ్ళు. మూడోదాంట్లో నేను రోజూ పోసిన నీళ్ళు ఏవని అడిగి బోరు నీళ్ళు పట్టింది. నీళ్ళలో నత్రజని ఉంటే ఎర్రబడే మందు చుక్కలు వేసి ఊపి, కాసేపు ఆగింది. తొట్టి నీళ్ళు ఎర్రబడ్డాయి. బోరు నీళ్ళు అంతకన్నా ఎర్రబడ్డాయి. వియ్యంకుడు తెచ్చిన నీళ్ళు రంగు మారలేదు.

"నాయనా, గోడౌన్లో చిరిగిన బస్తాల్లోంచి కారిన యూరియా ఊడ్చి కడిగేది ఆ బోరు పక్కనే గదా?"

అవును. ఏళ్ళ తరబడి అక్కడే కడుగుతున్నాం. యూరియా వేస్తే ఏది పచ్చబడుతుందో నన్ను అడగండి, ఏ రైతునైనా అడగండి. రోజూ చెంబుతో నాచుకు ఎరువు పోసింది నేనే. పోస్తూ, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, సముద్రాన్ని తిట్టాను.

"మామయ్యను ఏమన్నా అన్నావా?" అని అడిగింది. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. వంటింట్లోంచి మా ఆవిడే అంతా చెప్పింది, రైతుల నవ్వుతో సహా. అమ్మాయి సీసాలు కడిగి సంచిలో పెట్టుకుంది. "ఆయన ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పలేదు నాయనా. క్యాన్లు మాత్రం కడిగి అటక మీద పెట్టేసినాడు. ఎందుకు మామా అంటే నడుం నొప్పి అన్నాడు. ఫోన్ చేసి చెప్తావా?"

"చెప్తాలే" అన్నాను.

చెప్పలేదు. నంబరు తీసి చూసేవాణ్ణి. ఎదురుపడ్డప్పుడు చెబితేనే మర్యాదగా ఉంటుందని నాకు నేనే నచ్చజెప్పుకునేవాణ్ణి. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇన్నేళ్ళూ బతికినవాడికి, నాలుగో కాలు కనిపించినా లెక్కపెట్టడం రాదు. రైతులు మాత్రం తొట్టి ఏమైందని అడిగితే, ఏదో రోగమొచ్చింది అన్నాను. నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి. ఆ పని ఇప్పటికీ చేయలేదు.

రాళ్ళు పారేశాను. అంగట్లో దొరికే ఉప్పు తెచ్చి, బాగుచేయించిన మెషీను నీళ్ళలో కలిపి పోశాను. నాచు మళ్ళీ రాలేదు. వట్టి ఇసుక మీద ఒక్క చేప తిరుగుతూ ఉంటుంది.

రెండు నెలలకు మనవరాలి పుట్టువెంట్రుకలు వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ అమ్మవారి దగ్గర తీశారు. కారులో దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడగట్టుకున్నాను. తప్పు నాది బావా, నీ నీళ్ళది కాదు. అంతే, పెద్ద మాటలేం కావు. మా ఆవిడ, "ముందు ఆ మాట చెప్పి తర్వాతే కూర్చో" అని రెండుసార్లు హెచ్చరించింది.

వియ్యంకుడు వీధి మొగదల దాకా ఎదురొచ్చాడు. చేతులు జోడించి, "రండి బావగారూ" అన్నాడు. ముఖం మామూలుగానే ఉంది. ఇంటి నిండా జనం. నన్ను ఫ్యాను కింద మంచి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒక మూల ఇసుకలో అదే కుండ, దాని మీద అదే చెంబు. వచ్చిన చుట్టాలందరికీ వియ్యంకురాలు ఆ కుండలోంచే ముంచి ఇస్తోంది. నా వంతు వస్తుందని చూస్తున్నాను. నోరు ఎండిపోయి ఉంది. ఆ చెంబు అందుకుని, తాగి, అప్పుడు చెబుదామనుకున్నాను.

వియ్యంకుడు లోపలికి వెళ్ళి నీళ్ళ సీసా ఒకటి తెచ్చాడు. మూత సీలు తీయలేదు. మాకోసమే చిట్టమూరు నుంచి తెప్పించాడట. సీసా తుండుగుడ్డతో తుడిచి నాకు రెండు చేతులతో అందించాడు.

"మా నీళ్ళు మీకు పడవు గదా బావగారూ" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదది. ఎత్తిపొడుపైతే బాగుండేది, నేను కూడా ఏదో ఒకటి అనేవాణ్ణి. మర్యాద తెలిసిన మనిషి చుట్టానికి ఏది పడదో కనుక్కుని, తప్పు జరగకుండా చూసుకున్నాడు. తాంబూలాల రోజున మా వాళ్ళు వ్యానులో ఎక్కించిన సీసాల్లాంటిదే ఇదీ.

"వద్దు బావా, ఆ కుండలోవే ఇయ్యమను" అన్నాను.

వియ్యంకురాలు చెంబు చేత్తో పట్టుకుని కుండ దగ్గరే నిలబడి ఉంది. "వద్దులే అన్నా. మళ్ళీ మీకేమన్నా అయితే మాట మాకొస్తాది" అంది. పక్కనున్న ముసలమ్మకు ముంచి ఇచ్చింది.

మా అమ్మాయి గుండు గీయించిన బిడ్డను ఎత్తుకుని, అప్పటిలాగే, నా వంక చూస్తూ నిలబడింది. కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. అందరూ చూస్తున్నారు. సీసా మూత తిప్పి తాగాను.